నలభై అయిదు మైళ్ళ దగ్గర వణుకు

రైగేట్, మోంటానా
ఫిబ్రవరి 9

లైల్,

పైన ఏమని రాయాలో తేలక ఒక కాగితం పాడుచేశాను. "అల్లుడికి" అని మొదలుపెట్టి కొట్టేశాను. నువ్వూ సిగ్రిడ్ విడాకులు తీసుకుని మూడేళ్ళు కావస్తోంది, ఇంకా అల్లుడేమిటి? పోనీ "లైల్ ప్రొవోస్ట్ గారికి" అని రాస్తే బ్యాంకువాళ్ళు పంపిన నోటీసులా ఉంది. చివరికి ఉత్త పేరు మిగిలింది. నిన్ను వద్దనుకుంది నా కూతురు గానీ నేను కాదు కాబట్టి, పేరు పెట్టి పిలిచే చనువు ఇంకా ఉందనే అనుకుంటున్నాను.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావేమో. నా చెవుల సంగతి నీకు తెలుసు. జీవితమంతా ట్రాక్టర్ పక్కన గడిపినవాడికి ఫోన్లో వినిపించేది ఈల ఒక్కటే.

విషయం బండి గురించి. అదే, మన డీజిల్ పికప్. వేగం నలభై అయిదు, యాభై మైళ్ళ మధ్యకు రాగానే ఒళ్ళంతా వణుకుతోంది. పశువులు దాటకుండా గేటు దగ్గర పరిచిన ఇనప గొట్టాల మీదుగా పోతే ఎలా ఉంటుందో అలా. ఇంకాస్త తొక్కితే పోతుంది, కాలు తీస్తే మళ్ళీ మొదలు. బిల్లింగ్స్ పట్నం తీసుకెళ్ళి గేరుబాక్సులు బాగుచేసే అతనికి చూపించాను. అతను ఒక చుట్టు తిప్పుకొచ్చి, నా చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు.

"కన్వర్టర్ పోయింది పెద్దాయనా!"

"ఎవరు పోయారు?" అన్నాను.

"మనిషి కాదు! టార్క్ కన్వర్టర్!"

"అయితే కొత్తది వెయ్యి."

"ఏది వెయ్యను?"

అక్కణ్ణుంచి నా బుర్ర తిరగడం మొదలైంది. బండితో పాటు వచ్చే రకం ఇప్పుడు పెద్దగా ఎవరూ వేయించుకోరట. బయట చేసి అమ్మేవాళ్ళు బోలెడుమంది ఉన్నారట. వదులుది కావాలా, బిగువుది కావాలా? లోపల తాళం వేసే పలక ఒకటి ఉన్నదా, మూడు ఉన్నదా? మూత రేకుదా, ఉక్కు దిమ్మను చెక్కి చేసిందా? నేను కొన్న వస్తువేదీ నన్నిన్ని ప్రశ్నలు వెయ్యలేదు. మా పెళ్ళప్పుడు పాస్టరు కూడా ఒక్కటే అడిగాడు.

నువ్వు అక్కడి గనిలో ఇంటికన్నా ఎత్తు లారీలు బాగుచేస్తావని విన్నాను. ఏది కొనాలో రెండు ముక్కలు రాసి పంపు. ఇక్కడంతా బాగానే ఉన్నారు.

ఆర్లో హాగెన్


ఎల్కో, నెవాడా
ఫిబ్రవరి 20

ఆర్లో గారికి,

మీ ఉత్తరం అందింది. కవరు మీద మీ చేతిరాత చూసి, ఎవరికో ఏదో అయిందనుకుని నిలబడే చింపాను. బండికి అయిందని తెలిసి కూర్చున్నాను.

మీరడిగినదానికి రెండు ముక్కల్లో జవాబు లేదు. అసలు ఆ వస్తువేమిటో చెబుతాను. రెండు ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకటి వేస్తే, దాని గాలికి రెండోది కూడా తిరుగుతుంది. కన్వర్టర్ అదే. గాలి బదులు నూనె. ఒక ఫ్యాను ఇంజనుది, ఇంకోటి గేరుబాక్సుది. వదులు అంటే ఇంజను బాగా అరిచాక గానీ రెండో ఫ్యానును గట్టిగా తిప్పదు. బిగువు అంటే కాలు పెట్టగానే లాగుతుంది. రోడ్డు మీద వేగం అందుకున్నాక నూనెతో పని లేకుండా రెండిటినీ కలిపి పట్టేసే పలక ఒకటుంటుంది. దాన్నే మీవాడు తాళం అన్నాడు. మీ వణుకు వచ్చేది సరిగ్గా ఆ తాళం పడే వేగంలోనే.

ఏది మంచిదంటే, ఏ బండికి, ఏ బరువుకి, ఏ దారికి అని అడగాలి. వదులుది వేసుకుని కొండ మీదికి బరువు లాగితే నూనె ఉడికిపోతుంది. మరీ బిగువుది వేస్తే ఇంజను ఊపిరాడక నల్లటి పొగ కక్కుతూ కదలనంటుంది. అందుకని ఇవి చెప్పండి. వెనక ఏం తగిలిస్తున్నారు? ఎంత బరువు? ఎక్కడికి? నేను అప్పట్లో వేసిన డీజిల్ చిమ్మే పెద్ద ఇంజెక్టర్లు, గాలి నెట్టే పెద్ద టర్బో అలాగే ఉన్నాయా? అవి ఉంటే లెక్క వేరు.

ఈలోగా బిల్లింగ్స్ అతను ఏం చెప్పినా తల ఊపి వచ్చెయ్యండి.

ఇంట్లో అందరూ బాగున్నారని రాశారు. సంతోషం.

మర్యాదతో,
లైల్


రైగేట్, మోంటానా
మార్చి 8

లైల్,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి అర్థమైంది. రెండోసారి చదివాక అదీ పోయింది. నిజంగానే రెండు ఫ్యాన్లు తెచ్చి వంటింట్లో బల్ల మీద ఎదురెదురుగా పెట్టాను. రెండోది తిరిగింది! చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. బల్ల మీది బిల్లులన్నీ ఎగిరి స్టవ్ వెనకాల పడ్డాయి.

బరువు అడిగావు. పెద్దగా ఏమీ లేదు. ఎండుగడ్డి కట్టలు, ఎప్పుడైనా రెండు గుర్రాలు. దారి అంటావా, దారి దారే.

ఇంకో మాట. పడవల ఇంజన్లు చూసే ఒకాయన మొన్న ఇటు వచ్చినప్పుడు బండి ఎక్కాడు. ఆయనేమంటాడంటే, కన్వర్టర్ జోలికి పోకుండా ముందు కరెంటు సంగతి చూడమంటాడు. బ్యాటరీ, తీగలు, బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్. నాకేం తోచడం లేదు. బిల్లింగ్స్ అతను కన్వర్టర్ అంటాడు, ఈయన కరెంటు అంటాడు, నువ్వు ఫ్యాన్లంటావు. ముగ్గురూ తెలిసినవాళ్ళలాగే మాట్లాడుతున్నారు, అదే చిక్కు. ఒక్కడు వెధవ అయినా నా పని తేలికయ్యేది.

మంచు ఇంకా కరగలేదు. దూడలు పుట్టడం మొదలైంది. నువ్వొక్కడివే వండుకుంటున్నావా, క్యాంటీన్లో తింటున్నావా?

ఆర్లో


ఎల్కో, నెవాడా
ఏప్రిల్ 2

మామయ్యా,

పాత పిలుపే చేతికి వచ్చేసింది. కొట్టేస్తే అసహ్యంగా ఉంటుందని ఉంచేశాను.

పడవల మనిషి మీకెక్కడ దొరికాడు? మన ముసెల్‌షెల్ ఏట్లో మోకాలి లోతు నీళ్ళుంటే గొప్ప. బండి వణుకుతుంటే బ్యాటరీ చూడమన్నాడంటే, ఆయన పంటినొప్పికి కళ్ళజోడు రాసిచ్చే రకంలా ఉన్నాడు. ఆయన మాట పట్టించుకోకండి.

నా ఎంపిక ఇది. మూడు పలకల తాళం ఉన్నది, చెక్కిన మూత, కాస్త వదులుది. మీరు లాగేది తేలిక బరువు. పైగా పెద్ద టర్బోకి ఊపిరి అందాలంటే ఆ మాత్రం వదులు ఉండాలి. ఆ ఇంజెక్టర్లు వేసినరోజు గుర్తుందా? షెడ్డులో చలికి స్పానర్లు చేతులకి అతుక్కుపోయాయి. "ఇది బండా, రాకెట్టా?" అంటూ మీరు దీపం పట్టుకుని నిలబడ్డారు. మొదటిసారి స్టార్ట్ చేస్తే పొగకి కోళ్ళన్నీ గడ్డివాములోకి పారిపోయాయి. సిగ్రిడ్ గుమ్మంలోంచి కేకలేసింది, ఎవర్ని తిట్టిందో మనకు తెలియనే లేదు.

ఒకటి అడగాలి. ఇష్టం లేకపోతే చెప్పకండి. మీకు గుర్రాలు లేవు. మీరు రాసిన రెండు గుర్రాలు సిగ్రిడ్‌వే అయివుండాలి. అవి ఇంటికి వచ్చాయంటే తను కూడా బోజ్‌మన్ ఊరు వదిలి వచ్చేసినట్టేనా? ఒంటరిగా ఉందా? నేనేదో ఊహించుకుంటున్నానని కాదు. ఊరికే అడుగుతున్నాను.

నాకు జూలైలో సెలవుంది. బిల్లింగ్స్ వాడికి ఇవ్వకండి. కన్వర్టర్ తెప్పించి పెట్టండి, నేనే వచ్చి వేస్తాను. గేరుబాక్సు దించడానికి ఒకరు, పట్టుకోవడానికి ఒకరు చాలు. మనకది కొత్త కాదు కదా.

సొంతంగానే వండుకుంటున్నాను. బీన్సు తప్ప ఏదీ కుదరడం లేదు.

లైల్


రైగేట్, మోంటానా
ఏప్రిల్ 19

లైల్,

నువ్వు చెప్పిందే తెప్పించాను. పెట్టెలో షెడ్డులో ఉంది, దూడంత బరువుంది. నువ్వు అంత దూరం నుంచి రానక్కర్లేదు. సెలవు పాడుచేసుకోకు. బిల్లింగ్స్ అతను జూన్ ఆఖర్న వేస్తానన్నాడు.

సిగ్రిడ్ బాగుంది. గుర్రాలు బాగున్నాయి.

ఇది ఊరికే అడుగుతున్నాను. పొడుగాటి ఎక్కుడు దారుల్లో, అంటే కెనడాలో దూరాన యూకాన్ వైపు ఉండే కొండల్లాంటి వాటిల్లో, ఈ వదులు కన్వర్టర్ ఎలా ఉంటుంది?

ఆర్లో


ఎల్కో, నెవాడా
మే 1

ఆర్లో గారూ,

గడ్డికట్టలు వేసుకుని యూకాన్ ఎవరు వెళ్తారు?

నేను లారీలు బాగుచేసేవాణ్ణి, పిచ్చివాణ్ణి కాదు. బండి ఎవరిని తీసుకుని ఎక్కడికి పోతోంది? వెనక ట్రైలరులో ఏముంటుంది? మొత్తం ఎంత బరువు? ఈ మూడూ రాయండి. నాలుగోది నేనే ఊహించుకోగలను, రాయనక్కర్లేదు.

లైల్


రైగేట్, మోంటానా
మే 10

లైల్,

రాస్తున్నాను. నాలుగోది కూడా రాస్తాను, ఊహించుకోమని నీ మీదికి నెట్టడం బాగుండదు.

సిగ్రిడ్ మళ్ళీ పెళ్ళి చేసుకుంటోంది. ఆ పడవల మనిషే. పేరు ఆన్సెల్ బ్రాండ్‌వోల్డ్. అలాస్కాలో హేన్స్ అనే ఊళ్ళో ఫెర్రీ పడవల ఇంజన్లు చూస్తాడు. మనిషి పెద్దగా మాట్లాడడు. మాట్లాడినా నాకు వినపడదు కాబట్టి మా ఇద్దరికీ బాగానే కుదిరింది. పెళ్ళి జూలైలో, అక్కడే. అతను ముందే వెళ్ళిపోయాడు. గుర్రాల్నీ సిగ్రిడ్ సామాన్లనీ పెద్ద ట్రైలరులో వేసుకుని, దాన్ని తీసుకెళ్ళాల్సింది నేను. అంతా కలిపి పద్నాలుగు వేల పౌన్లు తూగింది. కెనడా గుండా వెళ్ళి, ఆఖర్న సముద్రం దగ్గర కనుమ దిగాలి.

ఇంకోటి. పెద్ద ఇంజెక్టర్లూ టర్బో ఇప్పుడు లేవు. పోయినేడాది కారడం మొదలుపెడితే మామూలువి వేయించాను. నువ్వడిగినప్పుడు ఆ ప్రశ్న దాటేశాను. అంత చలిలో నువ్వు వేసినవి తీసేశానని రాయడానికి చెయ్యి రాలేదు.

మొదటి ఉత్తరంలోనే ఇదంతా ఎందుకు రాయలేదంటావా? రాద్దామనే కూర్చున్నాను. "సిగ్రిడ్ పెళ్ళి" అని రాస్తే "దానికి మంచి కన్వర్టర్ చెప్పు" అని ఎలా రాయను? ఏ మొహంతో అడగను? అలాగని ఇంకొకర్ని అడగడానికి మనసొప్పలేదు. కూతుర్ని కూర్చోబెట్టుకుని కొండలెక్కాలి. ఆ బండి లోపలేముందో తెలిసినవాడివి నువ్వొక్కడివే.

నువ్వు నాకేమవుతావో నాకు తెలియడం లేదు, లైల్. కోర్టు కాగితం ప్రకారం ఏమీ కావు. కొత్తవాడు వస్తే పాతవాడి చోటు ఖాళీ చెయ్యాలంటారు, కానీ అది కుర్చీ కాదు కదా. మీ అత్తయ్య ఎడ్నా బతికుంటే ఇలాంటివి తను చూసుకునేది. నాకు పశువుల సంగతి తెలుసు, ఇవి తెలియవు.

"లైల్‌కి చెప్పావా నాన్నా?" అని సిగ్రిడ్ రెండుమూడుసార్లు అడిగింది. వినపడనట్టు ఊరుకున్నాను. చెవుడుకి అదొక్క సుఖం ఉంది.

ఇక నువ్వు జవాబు రాయకపోయినా తప్పు పట్టను.

ఆర్లో


ఎల్కో, నెవాడా
జూన్ 4

మామయ్యకి,

జవాబు ఆలస్యమైంది. మీ ఉత్తరం చాలా రోజులు చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాను. చెమటకి సిరా అలుక్కుపోయింది కూడా. ఒకరోజు మొత్తం మీ మీద కోపంతో పనిచేశాను. మర్నాడు సిగ్రిడ్ మీద. ఆ తర్వాత ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను గానీ, మొహం ఎలా ఉంటుందో తెలియని మనిషి మీద కోపం నిలవదు. ఒక రాత్రి అయితే ఏమీ రాయకుండా ఊరుకుంటే సరిపోతుందనుకున్నాను. బిల్లింగ్స్ అతను నేను చెప్పిన వదులు కన్వర్టర్ వేస్తాడు. మీరు బయల్దేరతారు. మొదటి పెద్ద ఎక్కుడులోనే నూనె ఉడుకుతుంది. మీరు వెనక్కి తిరుగుతారు. నిజంగానే ఇలా అనుకున్నాను. తర్వాత ఆ ఎక్కుడులో రోడ్డు పక్కన, రెండు గుర్రాలతో, ఏమీ వినపడని మీరు, మీ పక్కన తను నిలబడినట్టు కళ్ళకు కట్టింది. లేచి కాగితం తీశాను.

కాబట్టి శ్రద్ధగా చదవండి. షెడ్డులో ఉన్నది వెయ్యకండి. నేను ఎంచుకున్నది ఇప్పుడు లేని ఇంజనుకి, మీరు లాగని బరువుకి. మామూలు ఇంజను, పద్నాలుగు వేల పౌన్లు, కొండ దారి అంటే బిగువుది కావాలి. పలక ఒక్కటి చాలు, గట్టిదైతే. అంటే, ఇంచుమించు బండితో వచ్చిన రకమే. ఎవరూ వేయించుకోరని బిల్లింగ్స్ అతను చెప్పిన రకం.

అసలు విషయం ఇంకా చెప్పలేదు.

ఆన్సెల్ చెప్పింది సరైన మాట. ఆల్టర్నేటర్ పాడైతే దానిలోంచి వచ్చే చెడ్డ కరెంటు బండి మెదడుని, అంటే లోపలి కంప్యూటర్‌ని, తికమక పెడుతుంది. తాళం వెయ్యాలో తియ్యాలో దానికి తెలియదు. వేస్తుంది, తీస్తుంది, వేస్తుంది. లోపల కూర్చున్నవాళ్ళకి అది వణుకులాగే ఉంటుంది. మీ మొదటి ఉత్తరం చదవగానే నాకా అనుమానం వచ్చింది. ఇలాంటి బండికి అదే వేగంలో వణుకు వస్తే ముందు చూడాల్సింది అదే. "ఆల్టర్నేటర్ చూపించండి" అని ఒక కార్డు ముక్క రాస్తే సరిపోయేది. రాసుంటే మీరు ఇంకో కార్డు మీద మంచిదని రాసి ఊరుకునేవారు. కన్వర్టర్ ఎంచుకోవాలంటే మాత్రం ప్రశ్నలుంటాయి, జవాబులుంటాయి, చాలా ఉత్తరాలు పడతాయి. అందుకని రాయలేదు. ఆయన ఆ మాట చెబితే వెక్కిరించాను కూడా.

ఎలా చూడాలంటే, ఆల్టర్నేటర్‌కి వెళ్ళే తీగలు ఊడదీసి, చివర్లకి టేపు చుట్టండి. బ్యాటరీ మీదే పట్టపగలు కొన్ని మైళ్ళు నడపండి. వణుకు పోతే కన్వర్టర్‌కి ఏమీ కాలేదని అర్థం. పోకపోతే బిగువుది కొనండి. ఫలితం రాయండి.

సిగ్రిడ్‌కి మీరు చెప్పేశారని చెప్పండి.

లైల్


రైగేట్, మోంటానా
జూన్ 13

లైల్,

వణుకు పోయింది!

తీగలు సిగ్రిడ్ ఊడదీసింది. నేను నడిపాను. నలభై, నలభై అయిదు, యాభై, అరవై. మళ్ళీ కిందికి. సీటు కింద ఏమీ లేదు, పరుపు మీద కూర్చున్నట్టుంది. నాకు నమ్మకం కుదరక హార్లోటన్ రోడ్డులో చాలా దూరం పోయాను. సిగ్రిడ్ భుజం తట్టి బ్యాటరీ అయిపోతుందని సైగ చేస్తే గానీ వెనక్కి తిప్పలేదు. ఆల్టర్నేటర్ మార్పించాను. బిల్లింగ్స్ అతను తల గోక్కున్నాడు. కన్వర్టర్ తెప్పించినచోటికే తిప్పి పంపేస్తానన్నాడు. పాతదాని నూనె తీసి చూశాడు, ఇంకా ఎర్రగానే ఉందట, మాడలేదట. అయితే ఈ పాత కన్వర్టరే అలాస్కా వెళ్తుంది. ఫిబ్రవరి నుంచి ఏది కొనాలా అని నిద్ర పాడుచేసుకుని, చివరికి ఏదీ కొనలేదు.

నీ మీద కోపం రావాలేమో. రాలేదు. ఉత్తరాలు ఎక్కువ రావాలని నువ్వు చేసిన పనికి, ఉత్తరాలు ఆగిపోతాయని నేను చేసిన పనికి తేడా ఎంతో నాకు తెలియలేదు. ఇద్దరం కలిసి ఒక మంచి కన్వర్టర్ మీద అభాండం వేశాం.

సిగ్రిడ్‌కి నీ ఉత్తరం చూపించాను. చదివి మడిచి ఇచ్చేసింది. ఏమైనా అన్నా, నేను దాని పెదాలు చూడలేదు.

ఇప్పుడు ఇంకో చిక్కు. నేను లేనప్పుడు పశువుల్ని చూస్తానన్న ఓలాఫ్సన్ గడ్డివాము మీంచి జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. జూలైలో గడ్డి కోత. కొయ్యకపోతే చలికాలం ఏం పెట్టను? వేరేవాళ్ళని వెతుకుతున్నాను. అందరికీ అదే నెల కోత. నిన్ను అడగడం లేదు. అడిగే ముఖం లేదు. ఊరికే, ఉన్న సంగతి రాస్తున్నాను.

ఆర్లో


ఎల్కో, నెవాడా
జూన్ 20

మామయ్యా,

మీరు ఊరికే రాసిందంటూ ఏదీ ఉండదని ఈపాటికి తెలుసుకున్నాను.

సెలవు పెట్టాను. మీరు బయల్దేరే ముందురోజుకి వస్తాను. కోత యంత్రానికి కొత్త కత్తులు తెప్పించి ఉంచండి.

లైల్


వైట్‌హార్స్, యూకాన్
జూలై 8

లైల్,

ఇది పోస్టాఫీసు బల్ల మీద నిలబడి రాస్తున్నాను. సిగ్రిడ్ బయట గుర్రాలకు నీళ్ళు పెడుతోంది. దారిలో ఒకచోట రోడ్డంతా తవ్వేశారు, రాళ్ళ మీద పాకినట్టు వచ్చాం. ఇంకోచోట అడవిదున్నలు అడ్డంగా పడుకున్నాయి, లేచేదాకా ఇంజను ఆపి కూర్చున్నాం. బండి ఇంతవరకు మాట పడనివ్వలేదు. ఎక్కుళ్ళలో నూనె వేడి చూపించే ముల్లు కాస్త లేచింది, మళ్ళీ దిగింది. రేపు కనుమ.

రెండు ప్రశ్నలు. మొదటిది, బయల్దేరిన రోజు పొద్దున నేను డ్రైవరు సీట్లో ఉన్నాను. నువ్వూ సిగ్రిడ్ ట్రైలరు దగ్గర నిలబడి మాట్లాడుకున్నారు. అద్దంలో పెదాలు కదలడం కనిపించింది. అది ఎక్కాక కళ్ళు తుడుచుకుంది, తర్వాత నవ్వింది, ఏమిటని అడిగితే చెప్పలేదు. తండ్రిని కదా, ఏమనుకోవాలో తెలియక ఇన్ని వందల మైళ్ళూ అదే ఆలోచన. మీరేం మాట్లాడుకున్నారు?

రెండోది, నేను బండిని సీటుతో తెలుసుకుంటున్నాను. చెవులతో వినే మనిషి చెప్పాలి. బండి బాగానే ఉందా? సిగ్రిడ్‌ని అడిగితే "బాగుంది నాన్నా" అంటుంది. అది ఎప్పుడూ ఆ మాటే అంటుంది.

హేన్స్ పోస్టాఫీసుకి రాయి, వెళ్ళి తీసుకుంటాను.

ఆర్లో


రైగేట్, మోంటానా
జూలై 17

మామయ్యా,

ముందు పశువుల సంగతి. అన్నీ బాగున్నాయి. తెల్లమొహం ఆవు మళ్ళీ కంచె దూకింది. కింది పొలం కోత అయిపోయింది, కట్టలు కట్టాను. పై పొలం ఈ వారం. ఓలాఫ్సన్ భార్య రోజూ ఏదో ఒకటి వండి పంపుతోంది. బీన్సు బాధ తప్పింది.

ఇక మీ ప్రశ్నలు.

ఆ పొద్దున తను ట్రైలరు తలుపు వేసి నా దగ్గరికి వచ్చింది. చేతిలో కళ్ళెం తాడు ఉంది, దాన్ని చుట్టుకుంటూ అడిగింది.

"ఆల్టర్నేటర్ అని నీకెప్పుడు తెలిసింది?"

"ఫిబ్రవరిలోనే అనుమానం వచ్చింది."

"నువ్వు మారవు లైల్" అంది. కోపంగా కాదు. "ఇంట్లో కూడా ఇంతే. అడిగినదానికి ఎంత వివరంగా జవాబు చెప్పేవాడివో! చెప్పాల్సింది మటుకు కడుపులోనే పెట్టుకునేవాడివి. అందులో ఏముందో వెతుక్కోలేక అలిసిపోయాను."

"నిజమే" అన్నాను. అదివరకైతే వాదించేవాణ్ణి.

"మరి ఇప్పుడేమైనా చెప్పాలా? నాన్న ఇంజను స్టార్ట్ చేసేశాడు."

చాలా ఉన్నాయి. ఎల్కో నుంచి వచ్చే దారంతా వాటిని వరసలో పెట్టుకుంటూ వచ్చాను. తీరా నోరు తెరిస్తే ఏం వచ్చిందో తెలుసా? "కనుమ దిగేటప్పుడు బ్రేకు తొక్కుతూ కూర్చోనివ్వకు. రెండో గేరులో పెట్టమను, ఆయన మరిచిపోతాడు" అన్నాను.

తను నవ్వేసింది. కళ్ళనిండా నీళ్ళు, నవ్వు. "ఇంకా?" అంది.

"నువ్వు వెళ్ళడం నాకిష్టం లేదు" అన్నాను. "సుఖంగా ఉండు. రెండూ నిజమే."

తాడు విప్పి మళ్ళీ చుట్టుకుంది. "ఇది మూడేళ్ళ కింద చెప్పివుంటే..." అని ఆగిపోయింది. "చెప్పినా ఏమయ్యేదో నాకూ తెలియదులే" అంది. తాడు నా చేతిలో పెట్టి వెళ్ళి ఎక్కింది. అంతే మామయ్యా. దాచింది ఏమీ లేదు. దీన్ని ఏమనుకోవాలో మీకు తెలిస్తే నాకు కూడా రాయండి.

రెండో ప్రశ్న. మీరు గేటు దాటాక నేను కొట్టం వెనక దిబ్బ ఎక్కాను. గాలి లేదు, చాలా దూరం వినిపిస్తుంది. కంకర రోడ్డు మీద నెమ్మదిగానే పోయారు, మంచి పని చేశారు. హైవే దగ్గర ఆగారు. తిరిగారు. ఒక గేరు, రెండో గేరు, మూడోది. బరువు మీద ఇంజను గొంతు గట్టిపడింది గానీ అరవలేదు. ఏటి వంతెన దాటాక నలభై అయిదు దగ్గరికి వచ్చి ఉంటారు. ఊపిరి బిగపట్టి విన్నాను. వణుకుతుందేమోనని భయపడ్డానో, వణికితే బాగుండునని అనుకున్నానో, నాకే తెలియలేదు. తాళం పడింది. చప్పుడు ఒక మెట్టు దిగి, అక్కడే నిలబడింది. మళ్ళీ పైకి రాలేదు.

మీకు వినపడదు కాబట్టి చెబుతున్నాను. బండి చాలా బాగుంది. పడమటి మెరక దాటి అసలేమీ వినపడకుండా పోయేదాకా అక్కడే నిలబడ్డాను. తర్వాత దిగి గడ్డి కోతకి వెళ్ళాను.

నిదానంగా రండి. తొందరేమీ లేదు.

లైల్